శుక్రవారం అన్నం

నిర్మల్ బస్టాండులో నన్ను కన్న మా అవ్వే నన్ను గుర్తుపట్టలేదు.

బస్సు దిగి, సంచి భుజాన వేసుకుని, ఆమెకు ఎదురుగానే నడిచాను. ఆమె నన్ను దాటి చూస్తూ, నా వెనక దిగుతున్న వాళ్లలో నా కోసం వెతుకుతోంది. కాలి వేళ్ల మీద లేచి మరీ వెతుకుతోంది. "అవ్వా" అని పిలిచాక ఉలిక్కిపడి నా వైపు తిరిగింది. గొంతు నాదేనని తెలిసింది గానీ, ఆ ముఖంలోంచి ఆ గొంతు ఎట్లా వచ్చిందో ఆమెకు వెంటనే అర్థం కాలేదు.

"నువ్వేనా బిడ్డా?" అంది. నా దవడలు రెండు చేతులతో పట్టుకుని, చుట్టూ జనం ఉన్నారని కూడా చూడకుండా ఏడ్చింది. "ఏం రోగమచ్చిందే నీకు? నాకెందుకు చెప్పలే?"

రోగం కాదని, డాక్టరు చెబితేనే బరువు తగ్గానని, అంతా మంచికేనని నవ్వుతూ చెప్పాను. అప్పటికి నేను సగం మనిషినయ్యాను. దాని గురించి చాలా గర్వంగా ఉండేది. సంతోషించాల్సింది పోయి ఏడుస్తుందేమిటని ఆమె మీద కోపం కూడా వచ్చింది.

నా కూతురు ఇప్పుడు పక్క గదిలో నిద్రపోతోంది. అది పడుకున్నాకే నాకు నాలుగు మాటలు రాసుకునే వీలు. రాయడానికి కూర్చున్న ప్రతిసారీ మొదట ఆ బస్టాండే కళ్ల ముందుకు వస్తుంది. అందరూ నన్ను మెచ్చుకుంటున్న రోజుల్లో ఏదో పోయిందని కనిపెట్టింది మా అవ్వ ఒక్కతే.

పెళ్లయ్యేనాటికే నేను లావుగా ఉండేదాన్ని. పెళ్లయి కరీంనగర్ వచ్చాక ఇంకా లావయ్యాను. నెలసరి సరిగా వచ్చేది కాదు. మూడు నెలలకోసారి వచ్చేది, మధ్యలో ఆగినప్పుడల్లా ఆశ పుట్టేది. ఆ ఆశ తెల్లారి బాత్రూములో పోయేది. గర్భసంచి పక్కన నీటి బుడగలున్నాయని, బరువు తగ్గితే గానీ లాభం లేదని డాక్టరమ్మ చెప్పింది. మందులు వాడాను, సూదులు వేయించుకున్నాను. ఒకసారి కడుపు నిలిచినట్టే నిలిచి, గుండె చప్పుడు వినకముందే పోయింది. దానికి పేరు లేదు, చావని కూడా ఎవరూ అనలేదు. "మళ్లీ అయితదిలే" అన్నారు.

అప్పట్లో ఒకసారి అవ్వగారింటికి పోతుంటే బస్సులో కాలు పెట్టే చోటు లేదు. నా పొట్ట చూసి ఒకామె లేచింది. "కూసో చెల్లె, నిండు మనిషివి" అంది. కాదని చెప్పడానికి నోరు తెరిచాను. కూర్చున్నాను. కూర్చుని, పొట్ట మీద చెయ్యి పెట్టుకున్నాను. "ఎన్నో నెల?" అంటే "ఆరు" అన్నాను. జగిత్యాల దాకా ఆమె నాకు జాగ్రత్తలు చెబుతూనే ఉంది, నేను తలూపుతూనే ఉన్నాను. దిగేటప్పుడు నా తల నిమిరి పోయింది. ఆమె దిగిపోయాక కిటికీ వైపు తిరిగి నిర్మల్ దాకా ఏడ్చాను. ఈ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు. చాలా కాలం తర్వాత, కౌన్సెలింగ్ మేడంకు చెప్పాను.

మాది మెథడిస్టు క్రైస్తవ కుటుంబం. శుక్రవారం మధ్యాహ్నం మా చర్చి సంఘం ఆడవాళ్లు ఎవరో ఒకరి ఇంట్లో కూడి ఉపవాస ప్రార్థన చేస్తారు. పొద్దున్నుంచి ఏమీ తినకుండా వచ్చి, చాప మీద కూర్చుని, పాటలు పాడి, ఒకరి కష్టం కోసం ఒకరు ప్రార్థించి, సాయంత్రం టీ బిస్కెట్లతో ఉపవాసం విడుస్తారు. పెళ్లయిన కొత్తలో మా అత్తమ్మ వెంట పోయేదాన్ని. తర్వాత నా కోసమే అందరూ ప్రార్థన చేయడం మొదలుపెట్టారు. నన్ను మధ్యలో కూర్చోబెట్టి, నా తల మీద, భుజాల మీద చేతులు పెట్టేవాళ్లు. అన్ని చేతుల బరువు కింద నాకు సిగ్గుగానూ ఉండేది, హాయిగానూ ఉండేది.

డాక్టరమ్మ తిండి తగ్గించమంది. సంఘం ఉపవాసం ఉండమంది. ఇద్దరి మాటా ఒకటే అయింది. శుక్రవారం ఉపవాసం బుధవారానికి కూడా వచ్చింది. తర్వాత రోజూ సాయంత్రం దాకా. పొద్దున్నే డ్యాం కట్ట మీద నడిచి వచ్చి, నీళ్లు తాగి, ప్రార్థనలో కూర్చునేదాన్ని. ఆకలి వేసినప్పుడు కళ్లు తిరిగేవి. అట్లా తిరిగినప్పుడు దేవుడు దగ్గరికి వచ్చాడనుకునేదాన్ని. నేను చిక్కిపోతుంటే సంఘంలో అది నా భక్తి అన్నారు. పాస్టరు అయ్యగారి భార్యను మేమందరం అమ్మగారు అంటాం. ఆమె నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టి, "గీ బిడ్డ లెక్క పట్టుదల ఉండాలె" అనేది. మిగతా ఆడవాళ్లు తమ పిల్లల పరీక్షల కోసం, మొగుళ్లు తాగుడు మానడం కోసం నన్ను ప్రార్థించమని అడిగేవాళ్లు. డాక్టరమ్మ బరువు చూసి వీపు తట్టింది. పెళ్లిళ్లలో వదినలు చీర కొత్తదా, మనిషి కొత్తదా అని నవ్వారు. మెచ్చుకోనివాళ్లు లేరు. ఏ పూట తినకపోయినా "ఉపవాసం" అంటే చాలు, ఇంకో ప్రశ్న ఉండదు. మా ఇళ్లలో ఉపవాసం ఉన్న మనిషిని తినమని ఎవరూ బలవంతం చేయరు. అది తప్పు.

కడుపు నిలిచింది. ఈసారి గుండె చప్పుడు వినిపించింది.

అప్పటి నుంచే నాకు భయం పట్టుకుంది. నేను తినకుండా ఉన్నందుకు దేవుడు ఇచ్చాడు గనక, తింటే తీసుకుంటాడని. ఇది నేను కూర్చుని ఆలోచించి చేసిన నిర్ణయం కాదు. డిగ్రీ చదివినదాన్ని, ఎవరైనా అడిగితే అట్లా ఏమీ ఉండదని నేనే చెప్పేదాన్ని. కానీ ముద్ద నోటి దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగేది. వాంతుల వంకతో నెలలు గడిచాయి. పురుటికి అవ్వ దగ్గరికి పోయాను. పాప చిన్నగా, చురుగ్గా పుట్టింది. నేను బాలింతనని అవ్వ పొద్దున్నే ఎల్లిపాయ కారంతో వేడన్నం, మధ్యాహ్నం మేక కాళ్ల పులుసు పెట్టేది. ఆమె నీళ్లకని దొడ్లోకి పోగానే కిటికీలోంచి కుక్కకు వేసేదాన్ని. "నా బిడ్డ మంచిగ తింటుంది" అని అవ్వ ఇరుగుపొరుగుతో చెబుతుంటే లోపల పాపను గుండెకు హత్తుకుని కళ్లు మూసుకునేదాన్ని.

మూడో నెలలో కరీంనగర్ వచ్చాక పాలు తగ్గాయి. పాప కాసేపు చప్పరించి, వదిలేసి, నా ముఖంలోకి చూసి ఏడ్చేది. బరువు పెరగలేదు. పిల్లల డాక్టరు పాపను తూకంలోంచి తీసి నా చేతికిస్తూ, "పాప సంగతి తర్వాత. నువ్వేం తిన్నవమ్మా పొద్దున?" అని అడిగాడు. మా ఆయన నా వైపు చూశాడు. ఆయన విద్యుత్ శాఖలో పని చేస్తాడు, పొద్దున జమ్మికుంటకు పోతే చీకటి పడ్డాకే వస్తాడు. నేను ఏ పూట తిన్నానో, ఏ పూట తినలేదో ఆయనకు తెలిసే వీలు లేదు. డబ్బా పాలు కూడా మొదలుపెట్టమని, నన్ను కౌన్సెలింగ్‌కు తీసుకుపొమ్మని డాక్టరు ఆయనకు చెప్పాడు.

డబ్బా పాలు అన్న మాట నాకు చెంపదెబ్బలా తగిలింది. ఇన్నేళ్లూ ఈ ఒళ్లు ఒక ఆడదాని ఒళ్లు చేయగలిగిన పని ఏదీ చేయలేదని నమ్మాను. పాలివ్వడం ఒక్కటే అది తనంతట తాను, మందు లేకుండా, సూది లేకుండా చేసింది. అది కూడా పోతే నేను ఇక ఏం తల్లిని?

ఇంటికి రాగానే అత్తమ్మ అందుకుంది. "మెదడు డాక్టరు దగ్గరికా? ఎవలన్న చూస్తే ఏమనుకుంటరు? మా కాలంల గివన్ని ఉన్నయా?"

"మెదడు ఉన్నోళ్లకేనట అవ్వా ఆ డాక్టరు. నిన్ను రమ్మనలేదులే" అన్నాడు మా ఆయన. అత్తమ్మ కోపంగా లోపలికి పోయింది. ఆయన నవ్వలేదు. నా చెప్పులు తెచ్చి నా ముందు పెట్టాడు.

కౌన్సెలింగ్ మేడం ముస్లిం. కరీంనగర్‌లోనే పుట్టి పెరిగిన మనిషి. మొదటిరోజు నేను ఏడుస్తూనే ఉంటే ఆమె ఏమీ అడగలేదు. "జర నీళ్లు తాగండి మొదలు. మనకేం తొందర లేదు" అంది. రెండోసారి పోయినప్పుడు బస్సు సంగతి చెప్పాను. మూడోసారి, గుండె చప్పుడు వినకముందే పోయినదాని గురించి చెప్పాను. దానికి నేను మనసులో పెట్టుకున్న పేరు అడిగింది. చెప్పాను. ఆ పేరు బయటికి అన్నది అదే మొదటిసారి. ఆమె ఆ పేరును మళ్లీ ఒకసారి, మెల్లగా, నాకు వినబడేలా పలికింది. ఇక్కడ ఆ పేరు రాయను.

తిండి మాట ఆ తర్వాత వచ్చింది. తింటే ఏమవుతుందనుకుంటున్నారని అడిగింది. తింటే దేవుడు పాపను తీసుకుపోతాడని చెప్పాను. ఆమె ఆశ్చర్యపోలేదు, నవ్వలేదు. దేవుడు అట్లా చేయడని కూడా అనలేదు.

"మా ఇంట్ల రంజాన్‌కు అందరు ఉపవాసముంటరు," అంది. "పాలిచ్చే తల్లి ఒంట్ల బాగలేకుంటే ఇడిసిపెట్టొచ్చు, తర్వాత ఉండొచ్చు అంటరు మా పెద్దోళ్లు. నా చిన్న కొడుకప్పుడు నేను గూడ ఉండలే. మీ దాంట్ల ఎట్లా? పాలిచ్చేటోళ్లు ఉండాల్నా?"

నాకు తెలియదు. పుట్టినప్పటి నుంచి సంఘంలో ఉన్నాను. ఆ ప్రశ్న ఎవరినీ అడగలేదు. పురుడు పోసుకున్నదానివి తిను అని ఎవరూ అనకపోవడానికి కారణం ఒకటే. నేను తినడం లేదని వాళ్లకు తెలియదు. తెలిసిన కొద్దిమందీ దాన్ని భక్తి అనుకున్నారు.

"మీ వాళ్లలో ఒక్కరికైనా ఈ మాట చెప్పగలరా? మీరు నమ్మే మనిషికి?" అంది మేడం. "నాకు చెప్పిన్రు, మంచిదే. కానీ శుక్రవారం మీ పక్కన కూర్చునేది నేను కాదు గదా."

నాకు ఒకే మనిషి తట్టింది. నన్ను ముందు వరుసలో కూర్చోబెట్టిన అమ్మగారు. ఆమెకు చెప్పడమంటే ఆ వరుసలోంచి నేనే లేచి రావడం. నా పాపను ఆ సంఘమంతా తమ ప్రార్థనల జవాబు అని ఎత్తుకుంది. ఆ మాట తీసేస్తే పాపకు ఏమైనా అవుతుందా అని, పిచ్చిగానే, భయపడ్డాను. మధ్యలో ఒక వారం ఊరికే గడిచింది. ఆ వారంలో పాలు ఇంకా తగ్గాయి. గురువారం మధ్యాహ్నం పాపను ఎత్తుకుని అయ్యగారి ఇంటికి పోయాను.

అమ్మగారు వాకిట్లో పీట మీద కూర్చుని పుంటికూర, అదే గోంగూర, తెంపుతోంది. నేనూ పక్కన కూర్చున్నాను. పాప ముఖం చూడకుండా, ఆమె ముఖం చూడకుండా, ఆ ఆకులను చూస్తూ అంతా చెప్పాను. తినడం లేదని, తింటే పాప పోతుందని భయమని, పాలు పడటం లేదని. ఆమె చేతులు ఆగిపోయాయి.

అమ్మగారికి పిల్లలు లేరు. ఇది అందరికీ తెలిసిన సంగతి, ఎవరూ మాట్లాడని సంగతి. ఆమెను అమ్మగారు అని పిలుస్తాం గనక ఆ లోటు కనబడదు.

"నన్ను జూడు బిడ్డా," అంది. చూశాను. "నేను కోడలుగ వచ్చిన కాణ్నుంచి శుక్రవారం శుక్రవారం ఉన్న. నెత్తి నెరిసింది. ఉపాసముంటే ఇచ్చేటోడే అయితే, నాకియ్యకపోవునా?"

ఆమె గొంతులో కోపం లేదు. ధర అడిగి తెలుసుకున్నంత మామూలుగా అంది. దాంతో నా ఏడుపు ఆగిపోయింది. నేను నా బేరం గురించే ఆలోచించాను గానీ, నా పక్కనే అంత కాలం అదే బేరానికి ఏమీ దొరకని మనిషి కూర్చుని ఉందని ఎన్నడూ ఆలోచించలేదు.

"మరి ఎందుకుంటున్నరు?" అన్నాను.

"మొదలు బిడ్డ కోసమే ఉన్న. తర్వాత అలవాటైంది. ఇప్పుడైతే మీ అందరి నడుమ కూసునేదుంటది గదా అని ఉంటున్న." పుంటికూర పక్కకు జరిపి, "నీకు అట్ల కాదు. ఇంట్ల పిల్ల ఏడుస్తుంది. పో, రేపు నేనొస్త" అంది.

మర్నాడు ప్రార్థన మా ఇంట్లోనే. ఆడవాళ్లు రాకముందే అమ్మగారు టిఫిన్ డబ్బాతో వచ్చింది. వంటింట్లో కింద కూర్చుని రెండు కంచాలు పెట్టింది. పుంటికూర పప్పు, అన్నం. తల వంచి ప్రార్థించింది. మా ఇళ్లలో ప్రార్థన చేసిన అన్నం వదిలేసి లేవరు. ఆ సంగతి నాకెంత తెలుసో ఆమెకూ అంతే తెలుసు. కళ్లు తెరిచి, ముందు తనే ముద్ద కలిపి నోట్లో పెట్టుకుంది.

అత్తమ్మ గడపలో నిలబడి చూసింది. "అమ్మగారూ, ఇయ్యాల శుక్రారం" అంది.

"ఎరుకే," అంది అమ్మగారు. "నువ్వు గూడ కంచం తెచ్చుకో. ఒక్కదానివి నిలబడి చూస్తే మాకు దిష్టి తాకుతది."

నేను నాలుగు ముద్దలు తిన్నాను. ఐదోది గొంతులో ఆగింది. అమ్మగారు నా వీపు మీద చెయ్యి పెట్టి ఉంచింది. ప్రార్థన చెయ్యలేదు, ఊరికే ఉంచింది. అవతలి గదిలోకి ఒక్కొక్కరే ఆడవాళ్లు వచ్చి కూర్చుంటున్నారు. వంటింట్లోకి తొంగిచూసి గుసగుసలాడారు. ఆ రోజు ముందు వరుసలో ఎవరూ కూర్చోలేదు.

ఇక్కడితో అంతా బాగైందని రాస్తే అబద్ధమవుతుంది. పాలు తిరిగి రాలేదు. తిన్నాను, మందులు వేసుకున్నాను, అవ్వ నిర్మల్ నుంచి మెంతులు పంపింది, అత్తమ్మ నోరు మూసుకుని ఎల్లిపాయలు ఒలిచింది. ఒకరోజు పాప నా రొమ్ము దగ్గరికి తీసుకోగానే ముఖం అవతలికి తిప్పుకుంది. మా ఆయన సీసాలో పాలు కలిపి తెచ్చాడు. గటగటా తాగింది. తాగి, కడుపు నిండి, నా వైపు చూసి నవ్వింది. ఆ నవ్వు చూసి నేను మరో గదిలోకి పోయాను.

ఆ వారం మేడం ముందు కూర్చున్నాను. "పాల కోసమేనా ఈ బాధ?" అని అడిగింది. పాల కోసమే అనుకుని వచ్చాను. కానీ నోరు తెరిస్తే బస్సులో పొట్ట మీద చెయ్యి పెట్టుకుని కూర్చున్న ఆ లావుపాటి అమ్మాయి గురించి మాట్లాడాను. ఆ అమ్మాయిని నేను ఎంత అసహ్యించుకున్నానో, ఆకలికి మాడ్చి మాడ్చి ఎట్లా లేకుండా చేశానో. అందరూ చప్పట్లు కొట్టారు గనక ఆమె కోసం ఎవరూ ఏడవలేదు. "మీరు ఏడవండి" అంది మేడం. నాకు అంతకంటే మంచి మాట ఎవరూ చెప్పలేదు.

ఇప్పటికీ మేడం దగ్గరికి పోతున్నాను. సంఘానికీ పోతున్నాను. కొందరు మాట్లాడటం తగ్గించారు. ప్రార్థించమని నన్ను అడిగేవాళ్లు లేరు. అమ్మగారు వెనక వరుసలో నా పక్కన కూర్చుంటుంది.

మొన్న శుక్రవారం మధ్యాహ్నం జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టుకుని కూర్చున్నాను. సగం రొట్టె తిన్నానో లేదో, పాపను ఎత్తుకున్న అత్తమ్మ "దీని ఒళ్లు కాలుతుంది" అంది. శుక్రవారం. తింటున్నాను. కంచం పక్కకు నెట్టి చెయ్యి కడుక్కోవడానికి లేచాను.

అత్తమ్మ పాప పెదవి పైకెత్తి వేలు పెట్టి చూసింది. "పండ్లు దిగుతున్నయ్ దీనికి. గందుకే జరం. నువ్వు ఏడికి లేస్తున్నవ్?"

నేను నిలబడే ఉన్నాను.

ఆమె నా ముఖం చూసింది. ఆమెకు ఎంత అర్థమైందో నాకు తెలియదు. కౌన్సెలింగ్‌లో ఏం మాట్లాడతానో ఎన్నడూ అడగలేదు. పాపను ఒళ్లో వేసుకుని నా కంచం ముందు కూలబడింది. "కూసో. నువ్వు తినేదాక నేను ఈన్నే ఉంట. డాక్టరు దగ్గరికి పోదాం, తిన్నంక పోదాం."

కూర్చున్నాను. రొట్టె చల్లారి బిరుసెక్కింది. నములుతుంటే ప్రతి ముద్దకూ పాప ముఖం చూశాను. అది అత్తమ్మ కొంగు నోట్లో పెట్టుకుని కొరుకుతోంది. తిన్నాను, చెయ్యి కడుక్కున్నాను, డాక్టరు దగ్గరికి పోయాం. పండ్ల జ్వరమేనన్నాడు. ఆ రాత్రి తగ్గలేదు. మర్నాడు నేను అన్నం తిన్నాను, అప్పుడూ తగ్గలేదు. దాని మర్నాడు తగ్గింది. ఆ రోజు కూడా తిన్నాను.